గోడ సందుల్లో పోయే డాలర్లు

అమెరికాలో సొంతిల్లు కొనుక్కున్న తెలుగువాళ్లను కదిపితే ఇంటి అప్పు తర్వాత వినపడేది బిల్లుల గోడే. డాలస్ వైపు ఆగస్టు కరెంటు బిల్లు, న్యూజెర్సీలోనో షికాగోలోనో అయితే జనవరి గ్యాసు బిల్లు. ఆ బిల్లు తగ్గేలా ఇంటిని బాగు చేయించుకుంటే, ఖర్చులో 30 శాతం వరకు కట్టాల్సిన పన్నులోంచి కొట్టేసే ఏర్పాటు అక్కడ మూడేళ్లు నడిచింది. 2032 చివరి దాకా ఉంటుందని చట్టంలోనే రాశారు. కానీ 2025 డిసెంబరు 31తో ఆపేశారు.

వీసాల గురించి, సుంకాల గురించి జరిగినంత చర్చ దీని మీద జరగలేదు. ఇంటి కప్పు మీద సోలార్ పెట్టించుకుందామని అప్పటికే బేరాలాడుకున్నవాళ్లు మాత్రం కంగారుపడ్డారు. ఆపేయడం పొరపాటు నిర్ణయమనే నా నమ్మకం. ఆ మాటతో పాటు ఇంకోటి కూడా చెప్పుకోవాలి. నడిచిన రోజుల్లో కూడా ఆ సాయం ఎక్కువ చలేసే ఇంటికి కాకుండా ఎక్కువ పన్ను కట్టే ఇంటికి వెళ్లింది. దాదాపు యాభై ఏళ్లుగా అమెరికా ఈ పథకాన్ని మొదలుపెడుతూ, ఆపుతూ వస్తోంది. అన్నిసార్లూ దాని వెంట వచ్చిన లోపమిదే.

ఇల్లు ఎక్కడ కారుతోంది?

మన దగ్గర ఇల్లంటే ఇటుక గోడలు, పైన కాంక్రీటు స్లాబు. అమెరికాలో ఎక్కువ ఇళ్లు చెక్క చట్రాలతో కట్టినవే. నిలువు చెక్కలు వరసగా నిలబెట్టి, లోపలివైపు డ్రైవాల్ పలకలు, బయటివైపు చెక్క పలకలు కొట్టి, మధ్యలో బోలుగా మిగిలిన జాగాలో ఫైబర్‌గ్లాస్ దూది కూరుతారు. పైన ఏటవాలు కప్పు. ఆ కప్పుకీ గది సీలింగ్‌కీ మధ్యనున్న అటకను యాటిక్ అంటారు. ఇంట్లో వెచ్చదనం నిలవాలన్నా, చల్లదనం నిలవాలన్నా యాటిక్‌లో పరిచిన ఇన్సులేషనే ఆధారం. పాతకాలపు ఇళ్లలో అది పల్చగా ఉంటుంది. కొన్నింట్లో అసలుండదు. కొత్త ఇళ్లలోనూ పైపులు, వైర్లు వెళ్లిన చోటల్లా కట్టినవాళ్లు పూడ్చకుండా వదిలేసిన సందులుంటాయి.

చలికాలంలో ఊరి నుంచి వెళ్లిన అమ్మ ముందు కనిపెట్టేది ఆ సందులనే. "ఒరేయ్, కాళ్ల దగ్గర ఎక్కడి నుంచో గాలి కొడుతోందిరా" అంటుంది. "హీటర్ ఆన్‌లోనే ఉందమ్మా, ఇంకో స్వెటర్ వేసుకో" అంటాడు కొడుకు. ఆమె చెప్పింది నిజం. వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది. సీలింగ్ లైట్ల చుట్టూ, యాటిక్ మూత చుట్టూ ఉన్న సందుల్లోంచి పైకి పోతుంది. పోయినంత గాలికి బదులు కింద బేస్‌మెంట్ నుంచి, తలుపు కింది నుంచి, గోడ అడుగు నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. ఇంటిని వేడిచేసే ఫర్నేస్ ఎంత మండినా చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే.

ఈ సందులను పట్టుకునే పరీక్ష ఒకటుంది. దాన్ని బ్లోయర్ డోర్ పరీక్ష అంటారు. ఇంటి తనిఖీకి వచ్చిన మనిషి వీధి తలుపు బార్లా తీసి, ద్వారబంధానికి సరిపడా దళసరి నైలాన్ గుడ్డను చట్రంతో బిగిస్తాడు. గుడ్డ కింది భాగంలో గుండ్రటి రంధ్రం, అందులో పెద్ద ఫ్యాను. కిటికీలన్నీ మూసి ఫ్యాను తిప్పితే ఇంట్లో గాలి బయటికి పోతుంది, లోపల ఒత్తిడి తగ్గుతుంది. 50 పాస్కల్స్ తేడా రాగానే ఫ్యాను వేగాన్ని అక్కడ నిలుపుతాడు. గంటకు 20 మైళ్ల గాలి ఇంటికి అన్ని వైపుల నుంచీ ఒక్కసారే కొట్టినంత ఒత్తిడి అది. ఇక మామూలప్పుడు కనిపించని సందులన్నీ బయటపడతాయి. సన్నగా పొగ వదిలే గొట్టం పట్టుకుని అతను గది గదికీ తిరుగుతాడు. ప్లగ్గు పాయింటు దగ్గర పెడితే పొగ చటుక్కున పక్కకి తిరుగుతుంది. వంటింటి సింకు కింద పైపు గోడలోకి వెళ్లే చోట సుళ్లు తిరుగుతుంది. వేడిని చూపించే కెమెరాలో చూస్తే, దూది జారిపోయిన గోడ భాగం నీలం మచ్చలా కనిపిస్తుంది. రెండు మూడు గంటల్లో ఇంటి జబ్బుల చీటీ చేతికొస్తుంది. అమ్మ కూర్చునే సోఫా వెనక గోడ చాలాసార్లు అందులో ఉంటుంది.

అమెరికా ఇంధన గణాంక సంస్థ 2020 సర్వే ప్రకారం అక్కడి ఇళ్లలో ఖర్చయ్యే ఇంధనంలో 52 శాతం గదులను వెచ్చబెట్టడానికీ చల్లబరచడానికే పోతోంది. సందులు పూడ్చి, యాటిక్‌లోనూ ఇంటి అడుగు భాగంలోనూ ఇన్సులేషన్ సరిచేస్తే ఆ ఖర్చులో సగటున 15 శాతం మిగులుతుందని పర్యావరణ పరిరక్షణ సంస్థ అంచనా. ఈ మరమ్మతు బయటికి కనపడదు. ఇంటికొచ్చిన చుట్టాలకు చూపించుకోవడానికీ ఏమీ ఉండదు. అందుకే దాని మీద డబ్బు పెట్టడానికి మనసు రాదు.

బిల్లుకు మించిన విషయం కూడా ఇందులో ఉంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను మంచు తుపాను కమ్మేసినప్పుడు 45 లక్షలకు పైగా ఇళ్లకూ దుకాణాలకూ కరెంటు పోయింది. రాష్ట్ర ప్రభుత్వ లెక్క ప్రకారం 246 మంది చనిపోయారు. పైపులు గడ్డకట్టి పగిలాయి. వేసవి వేడికే తప్ప గడ్డకట్టే చలికి అలవాటు లేని ఆ ప్రాంతంలో, ఫర్నేస్ ఆగిన తర్వాత ఇంట్లో వెచ్చదనం ఎన్ని గంటలు నిలుస్తుందన్నది గోడల్లోని దూది మీద, యాటిక్ మూత మీద ఆధారపడింది. పసిపిల్లలున్న ఇంట్లో, మందుల మీద ఉన్న పెద్దవాళ్లుండే ఇంట్లో ఆ గంటలు చాలా విలువైనవి.

సెక్షన్ 25సీ ఏమిచ్చింది?

2022 ఆగస్టు 16న అధ్యక్షుడు జో బైడెన్ ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ చట్టంపై సంతకం చేశారు. పేరులో ద్రవ్యోల్బణం ఉన్నా అందులో పెద్ద భాగం ఇంధనం, వాతావరణాల గురించే. పన్ను చట్టంలో అప్పటికే ఉన్న సెక్షన్ 25సీని ఆ చట్టం తిరగరాసింది. 2023 నుంచి ఇన్సులేషన్, కిటికీలు, తలుపులు, హీట్ పంపులు, వాటర్ హీటర్లు, కరెంటు ప్యానెల్ వంటి వాటి ఖర్చులో 30 శాతాన్ని టాక్స్ క్రెడిట్‌గా ఇచ్చింది. మన 80సీ లాంటి మినహాయింపు ఆదాయాన్ని తగ్గించి చూపిస్తుంది. ఈ క్రెడిట్ అలా కాకుండా నేరుగా పన్నులోంచే పోతుంది. 1,200 డాలర్ల క్రెడిట్ వస్తే కట్టాల్సిన పన్ను సరిగ్గా 1,200 తగ్గినట్టు.

దేనికెంతన్న పరిమితులు మాత్రం గట్టిగానే ఉండేవి. మామూలు పనులన్నిటికీ కలిపి ఏడాదికి 1,200 డాలర్లు మించకూడదు. అందులో కిటికీలకు 600, ఒక్కో వీధి తలుపుకి 250, తలుపులన్నిటికీ కలిపి 500, ఇంటి తనిఖీకి 150. హీట్ పంపులకు వేరుగా 2,000. రెండూ కలిస్తే ఏడాదికి 3,200. ఒక కుటుంబం ఒకే ఏడాది 8,000 పెట్టి కిటికీలు మార్చింది, 2,000 డాలర్ల ఇన్సులేషన్ సామాను కొంది, 12,000తో హీట్ పంప్ పెట్టించింది అనుకుందాం. కిటికీల మీద 30 శాతమంటే 2,400 రావాలి, కానీ వచ్చేది 600. ఇన్సులేషన్ మీద 600. హీట్ పంప్ మీద లెక్కకి 3,600, వచ్చేది 2,000. మొత్తం 22,000 ఖర్చుకి 3,200 పన్ను తగ్గింది. ఇన్సులేషన్‌కీ కిటికీలకీ కూలి ఖర్చు లెక్కలోకి వచ్చేది కాదు, సామాను ధరే వచ్చేది. హీట్ పంప్‌కైతే బిగింపు కూలి కూడా కలిసేది.

హీట్ పంప్ మనకి కొత్తదేం కాదు. హైదరాబాద్ షోరూముల్లో 'హాట్ అండ్ కోల్డ్' అని అమ్మే ఏసీ అదే. ఎండాకాలంలో గదిలో వేడిని బయటికి పంపే యంత్రం చలికాలంలో తిరగబడి బయటి గాలిలో ఉన్న కాస్త వేడినీ లోపలికి లాక్కొస్తుంది. వేడిని పుట్టించదు, ఉన్న చోటి నుంచి తరలిస్తుంది. కాబట్టి ఒక యూనిట్ కరెంటు వాడి రెండు నుంచి నాలుగు యూనిట్ల వేడి ఇవ్వగలదు. గ్యాసు కాల్చే ఫర్నేస్ ఎంత మంచిదైనా, కాల్చిన దానికంటే ఎక్కువ వేడి ఇవ్వలేదు.

ఈ సెక్షన్‌లో నాకు బాగా నచ్చినది ఏటేటా పరిమితి మళ్లీ మొదలయ్యే పద్ధతి. అంతకుముందు జీవితకాలానికి మొత్తం 500 డాలర్లే. కొత్త పద్ధతిలో ఈ ఏడాది తనిఖీ, యాటిక్ పని చేయించుకుని, వచ్చే ఏడాది హీట్ పంప్, ఆపై ఏడాది కిటికీలు పెట్టించుకుంటే మూడేళ్లూ క్రెడిట్ వచ్చేది. చేతిలో డబ్బు ఒక్కసారే ఉండని మధ్యతరగతికి సరిపోయే ఏర్పాటు. 2032 దాకా గడువుందని నమ్మి చాలామంది పనులను అలాగే ఏళ్ల వారీగా పంచుకున్నారు.

పక్కనే సెక్షన్ 25డీ ఉండేది. సోలార్ పలకలు, ఇంటి బ్యాటరీలు దాని కిందికి వచ్చేవి. అక్కడా 30 శాతమే, కానీ పై పరిమితి ఉండేది కాదు. ఈ ఏడాది పన్ను సరిపోకపోతే మిగిలింది వచ్చే ఏడాదికి జరుపుకునే వీలుండేది. 25సీలో ఆ వీలు లేకపోయింది. వాడుకోని క్రెడిట్ అక్కడితో పోయేది.

స్వెటర్ వేసుకున్న అధ్యక్షుడు

ఈ కథ మొదలైంది 1970లలో. 1973 చమురు ఆంక్షలతో పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన దేశం అది. 1977 ఫిబ్రవరి 2న, అధికారంలోకి వచ్చి రెండు వారాలైనా కాకముందే, జిమ్మీ కార్టర్ స్వెటర్ వేసుకుని టీవీలో కనిపించారు. పగలు థర్మోస్టాట్ 65 దగ్గర, రాత్రి 55 దగ్గర పెట్టుకోమని జనాన్ని అడిగారు. మన లెక్కలో 18 డిగ్రీలు, 13 డిగ్రీలు. తర్వాతి ఏడాది నవంబరులో ఇంధన పన్ను చట్టం వచ్చింది. ఇన్సులేషన్, కిటికీలకు బయట బిగించే అదనపు అద్దాల వంటి వాటి మీద మొదటి 2,000 డాలర్ల ఖర్చులో 15 శాతం, అంటే గరిష్ఠంగా 300 డాలర్ల క్రెడిట్. సోలార్‌కి అంతకంటే ఎక్కువ. 1979లో వైట్‌హౌస్ కప్పు మీద నీళ్లు కాచే సోలార్ పలకలు 32 బిగించారు.

1985 చివర్లో ఆ క్రెడిట్లు ముగిశాయి. మరుసటి ఏడాది చమురు ధర కుప్పకూలింది. అధ్యక్షుడు రీగన్ హయాంలో, 1986లో, వైట్‌హౌస్ మీది పలకలు దింపేశారు. క్రెడిట్‌ని నమ్ముకుని దేశమంతా పుట్టుకొచ్చిన సోలార్ వాటర్ హీటర్ కంపెనీలు చాలా మూతపడ్డాయి. ఆ పని నేర్చిన చేతులు వేరే పనులు వెతుక్కున్నాయి.

తర్వాత ఇరవై ఏళ్లు ఏమీ లేదు. 2005 చట్టంతో 25సీ, 25డీ పుట్టాయి. 2006, 2007లో 10 శాతం, గరిష్ఠంగా 500 డాలర్లు. 2008లో లేదు. ఆర్థిక మాంద్యంలో, 2009, 2010 సంవత్సరాలకు 30 శాతం, 1,500 డాలర్లు. 2011లో మళ్లీ 10 శాతం, 500. అక్కడి నుంచి గడువు తీరడం, అమెరికా పార్లమెంటు కాంగ్రెస్ వెనకటి తేదీతో మళ్లీ బతికించడం అలవాటుగా మారింది. 2018లో కిటికీలు మార్చుకున్నవాళ్లకి క్రెడిట్ ఉందని తేలింది 2019 డిసెంబరులో! మార్చాలా వద్దా అని ఆలోచించే రోజున ఆ సాయం లేదు. మార్చేసిన ఏడాది తర్వాత వచ్చింది. ఏ నిర్ణయాన్నీ మార్చలేని ఆ డబ్బు ఖజానాకు ఖర్చు మాత్రం అయింది.

దీనివల్ల ఎక్కువ దెబ్బ తగిలేది పని చేసేవాళ్లకి. యాటిక్‌లో మోకాళ్ల మీద పాకుతూ గొట్టంతో దూది చల్లే కుర్రాడికి పని నేర్పడానికి సమయం పడుతుంది. వచ్చే ఏడాది పని ఉంటుందో లేదో తెలియకపోతే ఏ కాంట్రాక్టర్ అతన్ని కుదుర్చుకుంటాడు? బ్లోయర్ డోర్ యంత్రం కొంటాడా? హీట్ పంప్ తయారీదారు కొత్త లైను వేస్తాడా? క్రెడిట్ 10 శాతమా 30 శాతమా అన్నదానికంటే, పదేళ్లు కదలకుండా ఉంటుందా అన్నదే ఈ వ్యాపారానికి ప్రాణం. 2022 చట్టం మొదటిసారి ఆ హామీ ఇచ్చింది. మూడేళ్లు తిరిగేసరికి అది పోయింది.

డబ్బు ఎవరికి చేరింది?

2023 రిటర్నుల లెక్కను అమెరికా ఆర్థిక శాఖ ట్రెజరీ 2024 ఆగస్టులో బయటపెట్టింది. 34 లక్షల కుటుంబాలు 25సీ, 25డీ కింద 840 కోట్ల డాలర్లు క్లెయిమ్ చేశాయి. 25సీ కింద 23 లక్షల కుటుంబాలు, సగటున ఒక్కో ఇంటికి 880 డాలర్లు. 25డీ కింద 12 లక్షల కుటుంబాలు, సగటున సుమారు 5,000. క్లెయిమ్ చేసినవాళ్లలో దాదాపు సగం మంది ఆదాయం లక్ష డాలర్ల లోపే. ఈ సంఖ్యలు చూస్తే పథకం మధ్యతరగతికి చేరిందని సంతోషించవచ్చు. చేరింది కూడా.

కానీ ఆ మధ్యతరగతికి దిగువన ఉన్నవాళ్ల సంగతి చూడాలి. ఈ క్రెడిట్ పన్నును సున్నా దాకా తగ్గించేది తప్ప, పన్నే లేనివాళ్లకు చేతికి డబ్బిచ్చేది కాదు. 2025లో కలిసి ఫైల్ చేసే దంపతులకు స్టాండర్డ్ డిడక్షన్ 31,500 డాలర్లు. ఏడాదికి 30,000 సంపాదించే జంటకు ఆదాయపు పన్ను లేదు. అందువల్ల యాటిక్ బాగుచేయించినా క్రెడిట్ లేదు. ఉద్యోగాల నుంచి దిగిపోయి, పాతకాలపు ఇంట్లో చలికి వణుకుతూ ఉండే ముసలి దంపతులు తరచూ ఈ లెక్కలోకే వస్తారు. గ్యాసు బిల్లు వాళ్ల ఆదాయంలో ఎంత పెద్ద ముక్క తినేస్తుందో వేరే చెప్పక్కర్లేదు. మంచి జీతమున్న సాఫ్ట్‌వేర్ దంపతులకు మాత్రం 3,200 పూర్తిగా దక్కేది. మనవాళ్లలో చాలామంది ఈ రెండో గట్టున ఉన్నారు కాబట్టి మొదటి గట్టు మనకి అంతగా కనపడదు.

బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆర్థికవేత్తలు సెవెరిన్ బోరెన్‌స్టీన్, లూకాస్ డేవిస్ 2006 నుంచి ఇచ్చిన క్లీన్ ఎనర్జీ టాక్స్ క్రెడిట్లను 2015లో లెక్కగట్టారు. ఆదాయంలో పై మెట్టున ఉన్న ఐదో వంతు కుటుంబాలకు దాదాపు 60 శాతం వెళ్లింది. కింది మూడు మెట్లకు, అంటే దేశంలో 60 శాతం కుటుంబాలకు, దక్కింది పది శాతం.

అద్దెకున్నవాళ్లది ఇంకో చిక్కు. ఇల్లు యజమానిది, బిల్లు అద్దెదారుది. కిటికీ మారిస్తే ఖర్చు యజమానికి, లాభం అద్దెదారుకి. తాను ఉండని ఇంటికి యజమాని 25సీ తీసుకోవడానికి వీలుండేది కాదు. ఎమ్మెస్ చేస్తూ నలుగురైదుగురు కలిసి పాత ఇంట్లో అద్దెకుండి, కిటికీలకు ప్లాస్టిక్ షీట్లు అంటించుకునే మన పిల్లలకి ఆ మూడేళ్లలో ఒరిగింది ఏమీ లేదు.

పేదల కోసం వేరే పథకం లేకపోలేదు. 1976 చట్టంతో మొదలైన వెదరైజేషన్ సహాయ కార్యక్రమం తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్లకు మనుషులను పంపి, ఉచితంగా సందులు పూడ్చి, ఇన్సులేషన్ వేయిస్తుంది. పన్ను రిటర్ను, రసీదు, క్లెయిమ్ ఏమీ అక్కర్లేదు. నా దృష్టిలో సరైన దారి అదే. ఇంటి జబ్బు చూసి వైద్యం చేస్తుంది, ఇంటివాళ్ల పన్ను చూసి కాదు. అర్హులందరికీ చేరేంత డబ్బు మాత్రం దానికి ఏనాడూ ఇవ్వలేదు.

టాక్స్ క్రెడిట్‌కి ఇంకో బలహీనత ఉంది. కాగితం మీద రాసిచ్చినదాన్ని నమ్మి ఇవ్వాల్సిందే. 2009 నాటి క్లెయిములను తనిఖీ చేసిన ట్రెజరీ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2011లో నివేదిక ఇచ్చారు. క్రెడిట్ తీసుకున్నవాళ్లలో జైల్లో ఉన్నవాళ్లు, మైనర్లు కూడా తేలారు. 2025లో 25సీకి చాలా వస్తువుల తయారీదారులకు ఒక్కో గుర్తింపు కోడ్ పెట్టి, దాన్ని ఫారంలో రాయమన్నారు. పద్ధతి గాడిన పడుతున్న ఏడాదే పథకానికి ఆఖరి ఏడాది అయింది.

జనం ఏం కొన్నారన్నది కూడా ఆలోచించాల్సిందే. 2023లో కిటికీలకు సుమారు 7 లక్షల కుటుంబాలు క్రెడిట్ తీసుకుంటే, ఇన్సులేషన్‌కి తీసుకున్నవాళ్లు దాదాపు అంతే మంది. హీట్ పంపులకు రెండున్నర లక్షలు దాటారు. పెట్టిన డాలర్‌కి బిల్లులో ఎక్కువ మిగిల్చేది సందులు పూడ్చడం, యాటిక్ దూది. కిటికీలకు పెట్టిన డబ్బు తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. అయినా కిటికీ వీధిలోకి కనిపిస్తుంది, ఇల్లు అమ్మేటప్పుడు ఫొటోలో పడుతుంది. ఎలాగూ మార్చాలనుకున్న కిటికీకి ప్రభుత్వం 600 జతచేసిన సందర్భాలు తక్కువేమీ కాదు.

ఆర్నెల్ల పరుగు

2025 జులై 4న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్ చట్టం 25సీ, 25డీ రెండింటికీ ఆ ఏడాది డిసెంబరు 31ని ఆఖరు తేదీ చేసింది. 2022 నాటి చట్టం సెనేట్‌లో 51-50తో, ఉపాధ్యక్షురాలు కమలా హారిస్ ఓటుతో గట్టెక్కింది. దాన్ని కోసేసిన చట్టం కూడా అదే 51-50తో, ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ ఓటుతో నెగ్గింది. పదేళ్ల ప్రణాళిక అని ఇంటి యజమానులు నమ్మినదాని పునాది అంత సన్ననిది.

డబ్బు కట్టేస్తే చాలనుకున్నవాళ్లు చాలామంది. అక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఆగస్టులో స్పష్టం చేసింది: సోలార్‌కైనా సరే, బిగింపు పూర్తయిన తేదీయే లెక్క. డిసెంబరులో మొత్తం సొమ్ము కట్టి, జనవరిలో పలకలు ఎక్కితే క్రెడిట్ లేనట్టే. ముప్పై వేల డాలర్ల సోలార్ మీద 9,000 అంటే కొన్ని నెలల ఇంటి కిస్తీలు. "క్రెడిట్ వచ్చాక అప్పు తీర్చేద్దాం" అన్న లెక్కతో సోలార్ అప్పు తీసుకున్నవాళ్లకు అది పెద్ద దెబ్బే.

మన స్లాబు ఇళ్ల సంగతి

మన దేశం ఈ విషయంలో వేరే దారి పట్టింది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కి 30,000 రూపాయలు, 3 కిలోవాట్లు ఆపైన 78,000 రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలో పడతాయి. పన్ను కడతారా లేదా అన్న ప్రశ్నే లేదు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లే కొద్దిమంది ఉన్న దేశంలో రిటర్ను ద్వారా సాయం చేయడమంటే ఎవరికీ చేయకపోవడమే. ఈ ఒక్క విషయంలో అమెరికా కంటే మన పద్ధతే న్యాయంగా ఉంది.

కానీ మన సాయమంతా కప్పు మీద పలకలకే. కప్పు కింద ఉన్న మనిషికి వేడి తగ్గించే పనికి ఏమీ లేదు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో పైఅంతస్తులో పడుకున్నవాళ్లకి తెలుసు, అర్ధరాత్రి దాటినా స్లాబు వేడి కక్కుతూనే ఉంటుంది. తెల్లటి కూల్ రూఫ్ పూత ఆ వేడిని చాలావరకు పగలే తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచాలని లక్ష్యం. 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి, చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. రేకుల ఇంట్లో ఉండేవాడికి పూత డబ్బా కొనివ్వకుండా ఐచ్ఛికమంటే ఆ ఇంటికి పూత పడదు. సోలార్ సబ్సిడీ బ్యాంకులో వేయగలిగిన ప్రభుత్వాలు పూత ఖర్చును కూడా వేయగలవు. వేయాలి.

ఇప్పుడు మిగిలిన దారులు

అమెరికాలో ఉన్నవాళ్లకి పన్ను దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2025లో పని పూర్తయినవాళ్లు ఆ ఏడాది రిటర్నుతో ఫారం 5695 జతచేస్తే చాలు. 2023లోనో 2024లోనో కిటికీలు, హీట్ పంప్ పెట్టించి క్లెయిమ్ చేయడం మరిచినవాళ్లు 1040-ఎక్స్‌తో పాత రిటర్ను సవరించుకోవచ్చు. మామూలుగా ఫైల్ చేసిన నాటి నుంచి మూడేళ్లు గడువు. 2023 రిటర్నును సకాలంలో వేసినవాళ్లకి 2027 ఏప్రిల్ 15 దాకా సమయముంది. కాంట్రాక్టర్ రసీదులో సామానూ కూలీ కలిపి ఒకే అంకె ఉంటే, ఇన్సులేషన్, కిటికీల పనులకు విడగొట్టి రాసివ్వమని అడిగి తీసుకోవాలి.

2022 చట్టంలోనే రాష్ట్రాల ద్వారా ఇచ్చే రిబేట్లకు 880 కోట్ల డాలర్లు కేటాయించారు. ఇవి పన్నుతో సంబంధం లేనివి. ఒక రకం రిబేట్ ఆదాయాన్ని బట్టి ఉంటుంది, తక్కువ ఆదాయం వాళ్లకి హీట్ పంప్ మీద 8,000 దాకా ఇవ్వవచ్చు. అన్ని రాష్ట్రాల్లో ఒకేలా నడవడం లేదు కాబట్టి తమ రాష్ట్ర ఇంధన శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోవాల్సిందే. కరెంటు, గ్యాసు కంపెనీలు చాలాచోట్ల సొంతంగా తనిఖీలకు, ఇన్సులేషన్‌కి డబ్బిస్తాయి. బిల్లు వెనకవైపు చిన్న అక్షరాల్లో ఆ వివరం ఉండొచ్చు.

పనులు చేయించే వరస మాత్రం క్రెడిట్ ఉన్నా లేకపోయినా ఒకటే. ముందు తనిఖీ, తర్వాత సందులు పూడ్చడం, ఆపై యాటిక్‌లో ఇన్సులేషన్, చివరికి యంత్రం. సందులున్న ఇంటికి హీట్ పంప్ కొంటే ఇంటి లోపాన్ని కూడా మోసేంత పెద్దది కొనాల్సి వస్తుంది. సందులు పూడ్చాక కొలతలు తీయిస్తే చాలా ఇళ్లకి ఒక సైజు చిన్నది సరిపోతుంది. కొలతలు తీయకుండా పాత యంత్రం మీది అంకె చూసి కొత్తదాని ధర చెప్పే కాంట్రాక్టర్ వస్తే, ఇంకొకరిని పిలిపించుకోవాలి.